అడుగు తక్కువ పడవ

బొద్దమ్మని బోల్తా కొట్టిస్తామని ఒకసారి ముగ్గురు వస్తాదులు పందెం కట్టారు. ముగ్గురూ ఒకే పక్కకి చేరి, అంచు మీద కూర్చుని, వెనక్కి వాలి, ఊపిరి బిగబట్టి వేలాడారు. బొద్దమ్మ కొంచెం ఒరిగింది. ఆలోచించింది. మళ్ళీ నిటారుగా కూర్చుంది. వస్తాదులే ఒకడి తర్వాత ఒకడు నీళ్ళలో పడ్డారు. ఈ సంగతి చెప్పేది మేస్త్రి. ఆయన చెప్పినప్పుడల్లా వస్తాదుల సంఖ్య పెరిగేది. కిందటేడు పదకొండుకి చేరింది. పదకొండుమంది ఆ పడవలో ఎక్కడ పట్టారని ఎవరూ అడగలేదు. అడిగితే దానికీ ఒక కథ ఉంటుందని అందరికీ తెలుసు.

బొద్దమ్మ పెద్దచెరువులో తిరిగే తెరచాప పడవ. చిన్నది. ఒక సంసారం పడుతుంది: అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, కాళ్ళు ముడుచుకుంటానని మాటిస్తే ఒక ముసలమ్మ. బాతులాగా పొట్టిగా, వెడల్పుగా, మొద్దు మూతితో ఉంటుంది. పందేలకి అస్సలు పనికిరాదు. మిగతా పడవలన్నీ దాన్ని దాటిపోయి, ఒడ్డు చేరి, వాటిలోవాళ్ళు తల తుడుచుకుని టీ తాగి గ్లాసులు కడిగిపెట్టాక అది వస్తుంది. కానీ గాలిని నమ్ముకుని నీళ్ళ మీదకి వెళ్ళడం ఆ ఊళ్ళో ఎవరు నేర్చుకున్నా దాంట్లోనే నేర్చుకున్నారు. పోస్టుమాస్టరు దాంట్లోనే మొదటిసారి చుక్కాని పట్టాడు. కళ్ళ డాక్టరమ్మ దాంట్లోనే తెరచాప అడ్డకొయ్య దెబ్బ తిని, నుదుటి మీద బొప్పితో పెళ్ళిచూపులకి వెళ్ళింది. దాని లోపలి బల్ల మీద ఎన్ని పేర్లు గీకి ఉన్నాయంటే, కొత్తగా గీకాలనుకున్నవాడు చోటు వెతుక్కునేసరికి ఒడ్డు వచ్చేస్తుంది.

అలాంటి పడవకి ఒక బుధవారం పొద్దున ఉరిశిక్ష పడింది.

ఆ టైముకి చాపలక్క పడవల షెడ్డులో నేల మీద మోకాళ్ళ మీద ఉంది. చిరిగిన తెరచాప ముందు పరిచి, చిరుగు మీద అతుకు వేసి, అరచేతికి తోలుపట్టీ తొడుక్కుని, మైనం రాసిన దారంతో మూలలు కుడుతోంది. మూలలకి మిషను సూది దిగదు, చెయ్యే దిగాలి. ఆవిడ బొద్దమ్మని కట్టిన మేస్త్రి కూతురు. చెరువు మీద కనపడే ప్రతి తెరచాపా ఆవిడ చేతిలోంచి వచ్చిందే కాబట్టి ఆ పేరు వచ్చింది. సొంత మొగుడు కూడా ఒక్కోసారి అలాగే పిలుస్తాడు. ఆ మొగుడు గేటు దగ్గర టికెట్లు చింపుతాడు. మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ బావే, పెళ్ళయ్యాకా బావే.

పడవల ఆఫీసు కొత్త సూపరింటెండెంటు లోపలికి వచ్చాడు. సన్నటి కుర్రాడు, పెద్ద కళ్ళద్దాలు. చేతిలో ఇనపటేపు. లాగి వదిలితే టప్పున లోపలికి పోయే రకం. వచ్చిన దగ్గర్నుంచీ షెడ్డులో పడవలన్నిటినీ కొలుచుకుంటూ వస్తున్నాడు. బొద్దమ్మ ఆఖరుది.

"అక్కా, ఆ చివర కాస్త పట్టుకుంటారా?"

చాపలక్క సూదిని గుడ్డలో గుచ్చి లేచింది. ముందు మూతి దగ్గర టేపు పట్టుకుంది. అతను వెనక చుక్కాని దాకా నడిచి, వంగి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పదమూడడుగులు."

"అవును."

"రిజిస్టర్లో పద్నాలుగు ఉంది."

"ఉంటుంది. ముప్పై మూడేళ్ళుగా ఉంది."

"అయితే ఇది ఆ పడవ కాదు."

చాపలక్క నవ్వింది. "ఇది కాకపోతే ఇంకేది బాబూ? ఇది మా ఇంటి ముందు పుట్టింది. దీనికి మొదటి పూత వేసేటప్పుడు నా గౌనుకి అంటిన రంగు ఆ గౌను చినిగేదాకా పోలేదు."

"మీరు చెబితే నేను నమ్ముతాను. కాగితం నమ్మదు." అతను నిజంగానే బాధగా చెప్పాడు. "రిజిస్టర్లో ఉన్న పడవ ఇక్కడ లేదు. ఇక్కడున్న పడవ రిజిస్టర్లో లేదు. లేని పడవలో పిల్లల్ని ఎక్కించి, రేపు ఏదన్నా అయితే నేనెవరికి చెప్పుకోను?"

సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. తేడా పత్రం అని పైన అచ్చు వేసి ఉంది. పడవ కట్టినవారి పేరు, తేడా ఎంత, తేడాకి కారణం, సంతకం.

"కట్టినవాళ్ళు కారణం రాసి సంతకం పెడితే చాలు, రిజిస్టర్లో కొలత నేనే దిద్దుతాను. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఇవ్వాలి. లేకపోతే శనివారం పొద్దున దీన్ని కొట్టేయాలి." కొంచెం ఆగి, "పేరు కొట్టేయడం కాదక్కా. ముక్కలు కొట్టించి పంపాలి. రూలు అలా ఉంది," అన్నాడు. "కట్టినాయన ఉన్నారా?"

"ఉన్నాడు," అంది చాపలక్క. "ఆయన నోరూ ఉంది. అదే భయం."

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మేస్త్రి గుమ్మంలో కూర్చుని గరిటె చెక్కుతున్నాడు. తలుపులూ కిటికీలూ చేసే వయసు దాటిపోయింది. ఇప్పుడు గరిటెలూ, బట్టల క్లిప్పులూ, ఎవరైనా అడిగితే కుంటి స్టూలుకి నాలుగో కాలూ చేస్తాడు. ఒళ్ళో చెక్కపొట్టు, చెవి మీద పెన్సిలు. బావ పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నాడు.

ఆవిడ కాగితం చదివి వినిపించింది.

"తేడాకి కారణమా?" మేస్త్రి మొహం వెలిగిపోయింది. "ఒకటి కాదే అమ్మాయ్, పదిహేడున్నాయి. ఏది రాయమంటావ్?"

"నిజంది."

"అన్నీ నిజమే. మొదటిరోజు నీళ్ళలోకి దింపాం చూడు, ఆ పొద్దున నీళ్ళు మంచులా ఉన్నాయి. పడవ వణికి ముడుచుకుపోయింది. చలికి ముడుచుకున్నది మళ్ళీ సాగుతుందా? సాగలేదు. అదొకటి. రెండోది చేప. పద్నాలుగడుగుల పడవే కట్టాను. మొదటివారంలో వెనకనుంచి ఒక చేప వచ్చి అడుగు ముక్క లటుక్కున కొరికేసింది. ఆ చేప ఇప్పటికీ ఉంది. పలక అడ్డం పడి నోరు మూసుకోలేక తిరుగుతోంది పాపం."

"చేపదే రాయండి మామయ్యా," అన్నాడు బావ కళ్ళు తుడుచుకుంటూ. "సాక్ష్యం కావాలంటే గేటు దగ్గరికి పిలిపిస్తాను. టికెట్టు కూడా అడగను."

"ఇంకోటి ఎలుక..."

"నాన్నా." చాపలక్క అడ్డుపడింది. "శనివారం దానికి రంపం పెడతారు."

చెక్కుతున్న చెయ్యి ఆగింది. మేస్త్రి గరిటెని తిప్పి చూశాడు. వేలితో గుంటలో తడిమాడు.

"ఎవరి రంపం?"

"ఎవరిదైతే ఏం?"

"మనదైతే ఇవ్వను," అన్నాడు. మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు. కానీ ఆ గరిటె తర్వాత చూస్తే ఒక పక్క మరీ పల్చబడి, గరిటెకీ చెంచాకీ మధ్య ఏదో అయింది.

మర్నాడు పొద్దున కాగితం మడిచి ఆవిడ సంచిలో పెట్టి ఉంది. ఆవిడ విప్పి చూసుకోకుండా పట్టుకెళ్ళింది. అదే పొరపాటు. సూపరింటెండెంటు విప్పి చదివాడు. పెదాలు బిగించాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని కాసేపు కిటికీలోంచి చెరువు చూశాడు. భుజాలు కదులుతున్నాయి.

"చలికి ముడుచుకుంది, అని రాశారు."

చాపలక్కకి చెవులు కాలాయి.

"అక్కా, దీన్ని నేను పై ఆఫీసుకి పంపాలి. అక్కడ ఒకాయన ఉంటాడు. ఆయన పుట్టాక నవ్వలేదని చెబుతారు." అతను సొరుగు లాగి వెతికి ఇంకో కాగితం తీశాడు. "నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. ఇది కూడా పాడైతే నేనేం చెయ్యలేను."

ఆవిడ విసురుగా షెడ్డుకి వచ్చింది. వచ్చేసరికి మేస్త్రి అక్కడే ఉన్నాడు. బొద్దమ్మ స్టాండు మీద ఉంది. ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి, లోపల బల్ల మీద కూర్చుని, గుడ్డకి నూనె అద్ది చుక్కాని పిడి తుడుస్తున్నాడు. నేల మీదున్న పడవలో, కదలని గాలిలో, నీళ్ళ మీదున్నట్టే కూర్చున్నాడు. ఎడం చెంప కొంచెం పైకెత్తి.

ఆ కూర్చోవడం చూసి ఆవిడ కోపం ఒక్క క్షణం దారి తప్పింది. ఆ బల్ల మీదే ఆవిడని కూర్చోబెట్టి, నడుముకి తాడు కట్టి, రెండో కొస తన కాలికి కట్టుకునేవాడు. కళ్ళు మూసుకోమనేవాడు. గాలి ఏ చెంపకి తగులుతోంది? కుడిచెంపకి నాన్నా. ఇప్పుడు? రెండిటికీ. రెండు చెంపలకీ సమంగా తగిలితే గాలికి ఎదురెళ్తున్నట్టు, తెరచాప టపటపా కొట్టుకుంటుంది, విను. చెవులతో విను, చెంపలతో చూడు, కళ్ళెందుకూ, అవి ఒడ్డున అమ్మని చూసుకోడానికి. ఒడ్డున అమ్మ నిజంగానే ఉండేది. మెడలో టేపు వేసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. ఆ వార్నీషు వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా చాపలక్కకి నడుముకి తాడు బిగిసినట్టుంటుంది.

ఒక్క క్షణమే. తర్వాత కోపం దారి వెతుక్కుని వచ్చేసింది.

"చలికి ముడుచుకుందా?"

"చేప కంటే నమ్మేలా ఉంటుందని రాశాను."

"నిన్ను జనం ఏమనేవాళ్ళో గుర్తుందా? అడుగు మింగిన మేస్త్రి. అమ్మ బజారుకెళ్తే, ఏమ్మా, మీ ఆయన ఇవాళ ఎంత మింగాడు అనేవాళ్ళు. నేను బడిలో విన్నాను నాన్నా. మిగతా పడవలన్నీ ఎక్కడినుంచో తెప్పించుకున్నారు. నీకు ఒక్కటీ ఇవ్వలేదు. చెరువు వైపు కిటికీలు చేసుకుంటూ బతికావు. అప్పుడూ కథలే, ఇప్పుడూ కథలే. ఒక్కసారి నిజం చెబితే నీ సొమ్మేం పోతుంది?"

మేస్త్రి గుడ్డని మడిచాడు. నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పాడు.

"పడవలవాణ్ణి కదే అమ్మాయ్. తేలేదే చేస్తాను. నిజం బరువుంటుంది, కథ తేలుతుంది."

"అయితే దీన్ని ఆ కథల మీదే తేలించు," అని ఆవిడ కాగితం బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. ఆరోజు బావ గేటు దగ్గర ఎదురొచ్చి ఏదో అనబోయి, మొహం చూసి, చేతిలో ఉన్న టికెట్టు తనే చింపుకుని పక్కకి తప్పుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సూపరింటెండెంటు మళ్ళీ వచ్చాడు. ఈసారి తెరచాపల కొలతలకి. రిజిస్టర్లో ఆ గడీ కూడా ఉందట. ఇనపటేపు గుడ్డ మీద నిలవక జారిపోతోంది. "మీదే పెట్టండక్కా, మీరు చెబుతూ ఉంటే నేను రాసుకుంటాను," అన్నాడు.

చాపలక్క మెడలోంచి గుడ్డటేపు తీసింది. పసుపు వెలిసిపోయి తెల్లబడిన టేపు. అమ్మది. అమ్మ మిషనుతో పాటు, నూనెడబ్బాతో పాటు, కుంటి స్టూలుతో పాటు వచ్చింది. ఇత్తడి ముక్క ఉన్న కొసని చాప మూలన బొటనవేలితో నొక్కి, రెండో చేత్తో సాగదీసింది. పొద్దుటినుంచీ మేస్త్రి జాడ లేదు. ఆవిడ మనసంతా సాయంత్రం మీద ఉంది. చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి.

"యాభై ఆరు," అంది.

అతను వంగి చూశాడు. "అరవై ఉంది కదా?"

"నాలుగు తీసెయ్యాలి."

"ఎందుకు?"

"ఈ టేపు అంతే. నాలుగు నుంచి మొదలవుతుంది." ఆవిడకి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. సూర్యుడు ఆ పక్కనుంచే ఎందుకొస్తాడని అడిగినట్టు. "అమ్మ అలాగే కొలిచేది. నాకూ అలాగే వచ్చింది."

"కొత్తది కొనుక్కోలేకపోయారా?"

"అమ్మ కొననిచ్చేది కాదు."

అతను నవ్వుతూ యాభై ఆరు అని రాసుకున్నాడు. "తెలియనివాళ్ళ చేతికి ఇవ్వకండి. టేపు వేసినప్పుడల్లా నాలుగంగుళాలు మాయం."

చాపలక్క టేపు జరిపి రెండోసారి వేసింది. కొసని నొక్కింది. సాగదీసింది. అరవై దగ్గర వేలు ఆగింది. ఆ వేలు అక్కడినుంచి కదల్లేదు.

పద్నాలుగడుగులు కొలవాలంటే ఈ టేపు ఎన్నిసార్లు వెయ్యాలి? ఒకసారి. రెండుసార్లు. ఇంకా మిగులుతుంది. మూడోసారి. మూడు నాలుగులు పన్నెండంగుళాలు. ఒక అడుగు.

"అక్కా? ఎంత?"

"బాబూ, మిగతావి మీరు కొలుచుకోండి," అని ఆవిడ టేపు చుట్టి పిడికిట్లో పెట్టుకుని లేచింది. "నాలుగు తీసేసుకోండి" అనడం మాత్రం మర్చిపోలేదు. ఆ గుడ్డటేపు లేకుండా దేంతో కొలుస్తాడన్నది ఆవిడకి తట్టలేదు. అతను జారిపోయే ఇనపటేపుతో చాప వంక చూస్తూ ఉండిపోయాడు.

మేస్త్రి ఇంటి వెనక నీడలో ఉన్నాడు. ముందు కర్రదుంగ మీద తేడా పత్రం. దాని మీద గాలికి ఎగరకుండా చిత్రిక. కారణం అన్నచోట ఇంకా ఖాళీ.

ఆవిడ ఎదురుగా చతికిలబడి, జేబుకత్తి తీసి, టేపు కొసనున్న ఇత్తడి ముక్క కింద పెట్టి ఎత్తింది. అది ఎన్నేళ్ళుగానో పట్టుకుని ఉంది, ఊడనంది. రెండోసారి ఎత్తితే టక్కున ఊడి చెక్కపొట్టులో పడింది. కింద గుడ్డ అంచు బయటపడింది. తిన్నగా లేదు. మెట్లు మెట్లుగా మూడు కోతలు.

"ఎలుక కొరికిందని చెప్పానుగా," అన్నాడు మేస్త్రి. కానీ కథ మొదలెట్టే గొంతు కాదది.

"ఎలుక కొరికితే పీచు లేస్తుంది. నేను రోజూ గుడ్డ కోసేదాన్ని నాన్నా. ఇది కత్తెర. చిన్న కత్తెర. ఒక్కసారిగా తెగ్గొట్టలేని చెయ్యి."

మేస్త్రి చెవి మీద పెన్సిలు తీసి చూసుకున్నాడు. పక్కనున్న పెన్సిళ్ళ డబ్బా దగ్గరికి లాక్కుని మూత తీసి, మొండి పెన్సిళ్ళన్నీ పక్కకి జరిపి, అడుగునుంచి ఒక గుడ్డముక్క తీశాడు. పసుపు ఇంకా పసుపుగానే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక కొసన ఇత్తడి, రెండో కొసన సూదితో పొడిచిన కన్నం, అందులో ఎర్రదారం.

"బెల్టు," అన్నాడు. "బొమ్మకి. బాగానే కుదిరింది దానికి."

చాపలక్క ఆ ముక్కని తీసుకుని టేపు కొసకి ఆనించి చూసింది. మెట్టులో మెట్టు కూర్చుంది.

"నేనా?"

"ఐదేళ్ళ పిల్ల."

"నేనేనా నాన్నా?"

"ముందురోజు నా ఇనపటేపు చెరువులో పడిపోయింది. అడ్డం కొలతలన్నీ అప్పటికే కోసేశాను, అవి సరిగ్గానే ఉన్నాయి. పడవ పొడుగునా అడుగున వేసే వెన్నుకర్ర ఒక్కటే మిగిలింది. మీ అమ్మ మిషను మీదున్న టేపు లాక్కొచ్చి మూడుసార్లు వేశాను. కోశాను. పక్క పలకలు తెచ్చి పెడితే అన్నీ అడుగు మిగిలాయి. కలప కొట్టువాడు ఎక్కువిచ్చాడని మురిసిపోయాను చూడు, వాడికి మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను. మిగిలిన ముక్కలతో నీకు ఉయ్యాల బల్ల చేశాను. ఆ తర్వాతెప్పుడో నీ బొమ్మ నడుము చూశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను? ఐదేళ్ళప్పుడు చెబితే ఏడుస్తావు. పదేళ్ళప్పుడు చెబితే, బడిలో ఎవడో అడుగు మింగాడు అన్నప్పుడల్లా నాకోసం కాక నీకోసం తల దించుకుంటావు. ఇరవై వచ్చాక చెబుదామనుకున్నా. అప్పటికి కథలు బాగా కుదిరిపోయాయి."

"అమ్మకి?"

"టేపు మార్చొద్దన్నది ఆవిడే. మారిస్తే పక్కింటావిడ ఎందుకూ అని అడుగుతుంది, పక్కింటావిడకి తెలిస్తే చెరువులో చేపలకి కూడా తెలుస్తుంది అంది. కొసకి ఇత్తడి తొడిగించుకుంది. పోయేదాకా ప్రతి కొలతలోనూ నాలుగు తీసింది. ఒక్క జాకెట్టు కూడా బిగుతు కాలేదు."

చాపలక్క చాలాసేపు ఆ ముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. తర్వాత చిత్రిక పక్కకి పెట్టి కాగితం తీసుకుంది. కారణం అన్నచోట రాసింది: నేను ఐదేళ్ళప్పుడు టేపు మొదలు కత్తిరించాను. రాసి తండ్రి ముందుకి జరిపింది.

"సంతకం పెట్టు. ఇన్నాళ్ళూ నువ్వు మోసింది చాలు."

మేస్త్రి చదివాడు. ఒక్కో అక్షరాన్నీ చెక్కలో ముడి వెతికినట్టు చదివాడు. పెన్సిలు నాలుక మీద తడి చేసుకుని ఆ లైను మీద అడ్డంగా గీత గీశాడు.

"నాన్నా! ఇదొక్కటే కాగితం!"

"చోటుందిలే." కింద సన్నగా రాశాడు. ఎక్కడా ఆగకుండా రాసి సంతకం పెట్టి ఆవిడకి ఇచ్చాడు.

టేపు మొదలు చూడకుండా కొలిచాను. తప్పు కొలిచినవాడిది.

అందులో చేప లేదు, చలి లేదు, ఎలుక లేదు. ఆవిడకి తెలిసి మేస్త్రి నోటినుంచి గానీ చేతినుంచి గానీ అంత చిన్న మాట ఎప్పుడూ రాలేదు.

"కోసినవాళ్ళది కాదే తప్పు," అన్నాడాయన. "గుడ్డ ఉంటే పిల్లలు కోస్తారు. టేపు మీద ఒకటి ఎక్కడుందో చూసుకోనివాడు మేస్త్రా? పద, ఆఫీసు మూసేస్తారు."

ఇద్దరూ నడిచి వెళ్ళారు. గేటు దగ్గర బావ వాళ్ళని చూసి, టికెట్ల పెట్టె మూసి, వెనకే వచ్చాడు. సూపరింటెండెంటు తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి, కూర్చుని, కాగితం చదివాడు. కొట్టేసిన లైను కూడా చదివాడు. ఒకసారి చాపలక్క వంక చూశాడు. రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి, పద్నాలుగు మీద తిన్నగా గీత గీసి, పక్కన పదమూడు వేసి, కింద పొడి అక్షరాలు వేశాడు. అంతే. ముప్పై మూడేళ్ళ అడుగు అర నిమిషంలో తేలిపోయింది.

"మేస్త్రిగారూ," అన్నాడు రిజిస్టరు మూస్తూ. "ఆ పాత నమూనా కాగితం చూశాను. మీరు సరిగ్గా కట్టి ఉంటే చాలా వేగంగా పోయే పడవ."

"అవును బాబూ."

"కొత్తవాళ్ళని ఎక్కిస్తే తిరగబడేది."

"అది నాకు మొదటి వారమే తెలిసింది," అన్నాడు మేస్త్రి. "కానీ తప్పు చేశాను, ఆ తప్పే మేలైంది అంటే ఎవడు నమ్ముతాడు? అందుకే చేప అన్నాను."

శనివారం పొద్దున రంపం రాలేదు. బొద్దమ్మని నలుగురు పట్టి నీళ్ళలోకి దింపారు. అది బుడుంగుమని కూర్చుని, అటూ ఇటూ ఒకసారి చూసుకున్నట్టు ఊగి, నిలబడింది. మొదటి టికెట్టు ఒక సంసారానిది. పేపరు చూసి లైఫ్ జాకెట్టు కట్టుకోవడం నేర్చుకొచ్చిన తండ్రి, అంచు వదలని తల్లి, ఏడేళ్ళ పిల్ల, కాళ్ళు ముడుచుకుంటానని మాటిచ్చిన బామ్మ. చాపలక్క చుక్కాని దగ్గర కూర్చుంది. మేస్త్రి చాలా ఏళ్ళ తర్వాత ముందు మూతి దగ్గర ఎక్కాడు. ఎక్కించడానికి బావ పడ్డ పాట్లు వేరే కథ.

కొత్త అతుకు ఉన్న తెరచాప గాలి పట్టింది. ఒడ్డు మెల్లగా వెనక్కి పోయింది. పక్కనుంచి పొడుగు పడవ ఒకటి సర్రున దాటిపోయింది. పిల్ల దాన్ని చూసి, బొద్దమ్మని చూసి, ముఖం చిట్లించింది.

"ఇది ఎందుకింత లావుగా, పొట్టిగా ఉంది?"

ఆ మాట ఎప్పుడు ఎవరు అడిగినా చెరువు మీద చెవులన్నీ మేస్త్రి వైపు తిరిగేవి. చాపలక్క కూడా అటే చూసింది. మేస్త్రి అంచు మీద చెయ్యి వేసుకుని, నీళ్ళ వంక చూస్తున్నాడు.

"కొలిచేటప్పుడు చూసుకోలేదమ్మా," అన్నాడు.

పిల్ల ఇంకా ఏమన్నా ఉందేమోనని ఎదురు చూసింది. ఏమీ లేదు. నీళ్ళు పలక కింద చప్పుడు చేశాయి. ఆయన భుజాలు తేలికపడ్డట్టున్నాయి, కానీ మరీ ఖాళీగా కూడా ఉన్నాయి, సామాను దింపేసిన బండిలాగా. చాపలక్క దాన్ని చూడలేకపోయింది. మెడలో టేపు మీదకి చెయ్యి పోయింది. కొసన ఇత్తడి మళ్ళీ బిగించి ఉంది, నాలుగు దగ్గరే. ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్న ముక్క పెన్సిళ్ళ డబ్బాకి తిరిగి వెళ్ళిపోయింది.

"ఆయన మాట నమ్మకు," అంది చాపలక్క పిల్లతో. "ఆయన అన్నీ అబద్ధాలే చెబుతాడు. అసలు సంగతి నేను చెబుతా విను. ఒకసారి ఈ పడవని బోల్తా కొట్టిస్తామని వస్తాదులు పందెం కట్టారు. ఒక్కొక్కడూ తలుపంత మనిషి. అందరూ ఒకే పక్కకి చేరి వేలాడారు. పదకొండుమంది."

"పన్నెండు," అన్నాడు మేస్త్రి వెనక్కి తిరక్కుండా.

"పన్నెండు. పడవ ఒరిగింది. ఆలోచించింది..."

"ఆగమ్మా," అంది బామ్మ మోకాళ్ళు పట్టుకుని. "మేం ఇంతమందిమి ఉంటేనే నాకు కాళ్ళకి చోటు లేదు. పన్నెండుమంది వస్తాదులు ఇందులో ఎక్కడ పట్టారు?"

చాపలక్క చుక్కాని కొంచెం తిప్పింది. గాలి ఎడంచెంప మీదనుంచి కుడిచెంప మీదకి వచ్చింది.

"అప్పుడు ఇది పద్నాలుగడుగులుండేది కదా బామ్మగారూ," అంది. "ఆ చేప ఇంకా రాలేదు."